ఎడంచేతి దీవెన

మా ఇంటి అరుగు మీద సాయంత్రం నలుగురు ముసలాళ్ళు చేరారంటే చివరికి కబురు బయస్కోపు దగ్గరికే వెళుతుంది. పలాసలో డేరా వేసిన రోజులు, నోరులేని బొమ్మల రోజులు. మర తిప్పేవాడు చెయ్యి నొప్పెట్టి నెమ్మదిగా తిప్పితే యుద్ధానికి వెళ్ళే గుర్రాలు మేతకి వెళ్ళినట్టు నడిచేవట. చుట్ట వెలిగించుకోవాలన్న తొందరలో వడిగా తిప్పితే కర్ర పట్టుకున్న ముసలి రాజు కూడా పరుగందుకునేవాడట. నవ్వి నవ్వి దగ్గుతారు. వాళ్ళందరిలోకీ మా ఆయన గొంతే పెద్దది. "ఇప్పటోళ్ళకి ఏటి తెలుసు బావా, బొమ్మంటే అదీ!" అంటాడు. లోపల బియ్యం ఏరుకుంటూ వింటాను. ఒళ్ళు మండుతుంది. వాళ్ళు చెప్పుకునే బొమ్మ నేను చూడలేదు. నేనే కాదు, మా ఊళ్ళో నా ఈడు ఆడవాళ్ళెవరూ చూడలేదు. అదే డేరా, అదే తెర, అదే ఆట. కాని మేం చూసింది వేరు.

మమ్మల్ని తెర వెనక కూర్చోబెట్టేవారు.

ఇప్పటి పిల్లలకి చెబితే నమ్మరు. డేరా మధ్యలో అడ్డంగా పల్చటి తెల్లగుడ్డ కట్టేవారు. దానికి అటు మగవాళ్ళు, ఇటు ఆడవాళ్ళు. మరా, హార్మోనియమూ, గొట్టం నోటి దగ్గర పెట్టుకుని కథ చెప్పే మనిషీ అన్నీ మగవాళ్ళ వైపే. ఆట మొదలెట్టే ముందు ఒకడు గుడ్డ మీద నీళ్ళు కొట్టేవాడు. తడిగా ఉంటే వెలుతురు ఇటు దిగి మాకూ బొమ్మ కనబడేది. ఆరిపోతే మసక. అప్పుడు మేం ఇటునుంచి "ఓలయ్యా, నీల్లు కొట్టండ్రా!" అని అరిచేవాళ్ళం. ఆడవాళ్ళు పరాయి మగవాళ్ళ కంట పడకుండా చూడటమే మా డేరా మర్యాద అని దాని యజమాని ఊరూరా తప్పెట కొట్టించేవాడు. ఆ మర్యాద కోసమే మావాళ్ళూ మమ్మల్ని పంపేవారు. అదేం మర్యాదో! ఇటూ బొమ్మే కదా, అటూ బొమ్మే కదా అనుకున్నాం. మాకేం తెలుసు?

ఉద్దానంలో మాది కొబ్బరితోటల ఊరు. ఇల్లు దాటితే తోట, తోట దాటితే ఇసకదారి, ఇంకాస్త వెళితే సముద్రం. ఆ సముద్రపు ఒడ్డు నుంచి గంప నెత్తిన పెట్టుకుని రోజు విడిచి రోజు ఒకావిడ మా వీధికి చేపలు తెచ్చేది. నా ఈడుదే. నన్ను వదినా అనేది, నేనూ దాన్ని వదినా అనేదాన్ని. దాని నోట్లో నువ్వుగింజ నానేది కాదు. నేను కాపురానికి వచ్చిన ఏడాది అది ఎండుచేపలు అమ్ముకోవడానికి పలాస వెళ్ళి, డేరాలో దూరి, బొమ్మ చూసొచ్చింది. మర్నాడు మా పెరట్లో గంప దించి, కవళ్ళ చేపల పొలుసు గీరుతూ, కథంతా ఆడి చూపించింది. రాక్షసుడి ఘట్టంలో కత్తిపీట ఎత్తేసరికి మా పిల్లి గోడ దూకి పారిపోయింది. ఆ రోజే నాకు పిచ్చి పట్టుకుంది.

మా అత్త ఒప్పుకోదనే అనుకున్నాను. ఎడ్డెమంటే తెడ్డెం అనే మనిషి. కాని ఏం తోచిందో, సరే అంది. తనూ వస్తానంది, నాకు కాపలాకి. మా ఆయన బండి కట్టాడు. మధ్యాహ్నం అన్నాలు తిని బయల్దేరితే దీపాలు పెట్టే వేళకి డేరా దగ్గరికి చేరాం. ఆయన ముందు గుమ్మంలోంచి వెళ్ళిపోయాడు. మేం చుట్టూ తిరిగి వెనక గుమ్మంలోంచి దూరి, ఇసకలో చాప పరుచుకున్నాం. చేపలావిడ అప్పటికే ముందు వరసలో చోటు పట్టి ఉంచింది. అత్త మొహం చిట్లించుకుని కూర్చుంది. తెర మీదికి రాణి వచ్చింది. అత్త ముందుకి వంగింది.

"ఒలే, కుడి పైటే!" అంది.

మా అత్తా, ఆవిడ తరంవాళ్ళూ కుడిభుజం మీదికి పైట వేసుకునేవారు. నాలాటి కొత్త కోడళ్ళంతా ఎడమకి మార్చేశాం. దాని మీద మా ఇద్దరికీ అప్పుడప్పుడూ మాటా మాటా వచ్చేది. ఇప్పుడు ఎక్కడో బొంబాయిలో రాణిగారు కుడి పైట వేసుకుని వచ్చి నిలబడేసరికి అత్త నన్ను మోచేత్తో ఒక పోటు పొడిచింది. "సూసేవా? రాణీలు ఎలగ ఏసుకుంటారో సూడు!" అంది. అంతే, ఆ పూట నుంచి మా అత్తకి నాకంటే పిచ్చి. డేరా పలాసలో ఉన్నన్నాళ్ళూ వారానికొకసారి బండి కట్టించేది. మా ఆయన "గొడ్లు అలిసిపోతన్నాయమ్మా" అంటే "గొడ్లకి నాను గడ్డి ఏత్తాను, నివ్వు బండి కట్టరా" అనేది.

ఒక పూట తెర మీద ఎవరో పెద్దమనిషి భోజనానికి కూర్చున్నాడు. చేపలావిడ బుగ్గలు నొక్కుకుంది.

"ఓలమ్మోలమ్మ! ఎడం సేత్తో తింటన్నాడు సూడు వదినా!"

నిజమే. పక్కవాడూ ఎడం చేత్తోనే తింటున్నాడు. అలా చూస్తే అందరిదీ అదే తంతు. కత్తి ఎడం చేత్తో పట్టేవారు, దానం ఎడం చేత్తో ఇచ్చేవారు. మాలో ఒక ముసలావిడ వాంతి వచ్చినట్టు మొహం పెట్టింది. మా అత్తే తీర్పు చెప్పింది. "బొంబాయోళ్ళు అలగే తింటారు కాబోలు. దేసానికో ఆసారం. మనకేటి?" అంది. సరే కాబోలు అని అందరం ఊరుకున్నాం. మధ్యమధ్య తెర మీద అక్షరాలు పడేవి గాని మాలో ఒక్కరికీ చదువు లేదు. అవి ఎటు తిరిగి ఉన్నాయో మాకేం తెలుస్తుంది! తిరిగొచ్చేటప్పుడు బండిలో మా ఆయన చూసిన కథ చెప్పేవాడు, మేం చూసిన కథ చెప్పేవాళ్ళం. కథ ఒకటే. ఎవడు ఏ చేత్తో తిన్నాడన్న మాట ఎందుకొస్తుంది?

మొదటి రెండేళ్ళూ అలా గడిచాయి. అవి మంచి రోజులు. ఆ మాట నేనే ఒప్పుకోవాలి. అత్తా కోడలూ పొయ్యి దగ్గర కూర్చుని రాక్షసుల మీసాల గురించి మాట్లాడుకునే ఇల్లు మా ఊళ్ళో మాదొక్కటే.

తరవాత నాకు కొడుకు పుట్టాడు. వాడికి ఐదో నెల వచ్చినప్పుడు చేపలావిడ ఒగర్చుకుంటూ వచ్చింది. గంప కూడా దించలేదు.

"వదినా, కిట్టుడి బొమ్మ వచ్చింది. ఆకర్న ఆ మారాజు లేచి నిలబడి జనానికంతా దీవెనిత్తన్నాడు. ఆడోళ్ళు పిల్లల్ని ఎత్తి సూపిత్తన్నారు. మనోడిని తీసుకెల్దాం!"

అత్త పిల్లాడి వంక చూసింది. "గుంటడికి ముక్కు కారతంది. ఇయ్యాల వద్దు, వచ్చే వారం సూద్దాం" అంది.

వచ్చే వారానికి డేరా ఎత్తేస్తారేమోనని నా భయం. అప్పటికి నాలుగు నెలలై గడప దాటలేదు. గిన్నెలు ఎత్తి పడేశాను. అన్నం మానేశాను. "నివ్వుండిపో అత్తా, నానెల్తాను" అన్నాను. అత్తతో అలా అనకూడదు. అన్నాను. నా కోపం ఈరోజుదా! అత్త కాసేపు నా మొహం చూసి, పిల్లాడికి మందపాటి గుడ్డ చుట్టి, తనూ బండెక్కింది.

తెర వెనక కూర్చోవడంలో ఒక సుఖం ఉండేది. అటు మగవాళ్ళకి తెర ముందు కట్టె అడ్డం, కాపలావాడు. ఇటు మాకేమీ అడ్డం లేదు. లేచి నాలుగడుగులు వేస్తే తడిగుడ్డ చేతికి తగిలేది. దేవుడి బొమ్మలు వచ్చినప్పుడు ఆడవాళ్ళు వెళ్ళి గుడ్డని కళ్ళకద్దుకునేవారు. కర్పూరం వెలిగించబోతే డేరావాడు నీళ్ళ బకెట్టుతో పరిగెత్తుకొచ్చేవాడు. ఆ పూట కూడా కృష్ణుడు సింహాసనం మీంచి లేవగానే ఇటువైపు జనమంతా లేచారు. అటునుంచి కథ చెప్పే మనిషి గొంతు పెద్దగా వినబడుతోంది. కృష్ణుడు చెయ్యి ఎత్తాడు. మా అత్త నా ఒళ్ళోంచి పిల్లాణ్ణి తీసుకుంది. తెర దగ్గరికి వెళ్ళి, వాణ్ణి రెండు చేతులతో పైకెత్తి, సరిగ్గా ఆ అరచేతి కింద నిలబెట్టింది. వాడి నుదురు తడిగుడ్డకి తగిలింది. వాడు ఉలిక్కిపడి, ఆ తరవాత నవ్వాడు. ఆ నవ్వు నాకు గుర్తుంది.

అప్పుడు చేపలావిడ నోరు తెరిచింది.

"అయ్యో, దేవుడు కూడా ఎడం సెయ్యే ఎత్తాడేటి పెద్దమ్మా!"

చుట్టుపక్కలవాళ్ళంతా తలెత్తారు. చూశాం. ఎడం చెయ్యే. మా అత్త పిల్లాణ్ణి గబుక్కున కిందికి దించి గుండెకి హత్తుకుంది. "నోర్ముయ్యే" అంది దాన్ని. దారంతా బండిలో వాడి నుదురు చెంగుతో తుడుస్తూనే ఉంది. మా ఆయన కృష్ణుడి కిరీటం గురించి చెప్పుకుపోతున్నాడు.

ఇరవై రోజుల తరవాత పిల్లాడికి జ్వరం వచ్చింది. ఆ ఏడు చలిజ్వరం ఊరూరా తిరిగింది. మా వీధిలోనే మా కంటే ముందు ఇద్దరు పసివాళ్ళు పోయారు. మావాడు నాలుగో రోజు తెల్లవారేసరికి పోయాడు.

నాకు ఏడుపు రాలేదు. ఇది గొప్పకి చెప్పడం లేదు. అందరూ ఏడుస్తున్నారు, నేను గోడ మీద పాకుతున్న చీమల్ని చూస్తూ కూర్చున్నాను. పాలు వచ్చి రవిక తడిసిపోతోంది. అది కూడా ఎవరిదో అన్నట్టే చూశాను. తరవాత వండాను, వడ్డించాను, పెరడు ఊడ్చాను. ఎవరైనా వచ్చి చెయ్యి పట్టుకుంటే పట్టుకున్నట్టు తెలిసేది, అంతే. ఒకసారి పొయ్యి దగ్గర వేలు కాలి బొబ్బెక్కింది. మర్నాడు చూసుకుంటే గాని తెలియలేదు. నెలలు అలాగే వెళ్ళాయి. ఆ తరవాత సంవత్సరాలూ అలాగే వెళ్ళాయని చెప్పాలి. నన్ను చూసి ఊళ్ళోవాళ్ళు "గుండె రాయి సేసుకుంది" అనేవారు. రాయి చేసుకోవడానికి నేనేమీ చెయ్యలేదు.

పదకొండో రోజు వెళ్ళాక నూతి దగ్గర అత్త నా పక్కన నిలబడింది. చేద లోపలే వదిలేసి మాట్లాడింది.

"మనుసులంటే బొంబాయోళ్ళు, ఎలగైనా తింటారు. దేవుడికేటొచ్చిందే? ఎడం సేత్తో ఇచ్చింది దీవెన కాదు. పున్నానికి పోతే పాపం ఎదురైంది. నానే ఎత్తి పెట్టేను. ఈ సేతుల్తోనే ఎత్తి పెట్టేను."

కాదత్తా, అది జ్వరం అని నేను అనాలి. వీధిలో పోయిన మిగతా ఇద్దరినీ ఏ దేవుడికీ చూపించలేదు కదా అనాలి. అనలేదు. చేద లాక్కుని, బిందె నింపుకుని వచ్చేశాను. ఎందుకనలేదో నాకు అప్పుడే తెలుసు. ఆవిడ చేతులది తప్పయితే నా మొండితనానిది కాదు. ముక్కు కారుతోంది, వచ్చే వారం చూద్దాం అన్నది ఆవిడ. గిన్నెలు ఎత్తి పడేసింది నేను.

ఈ ఎడంచేతి సంగతి మా ఆడవాళ్ళ మధ్యే ఉండిపోయింది, ఇంట్లో మగవాళ్ళకి తెలియదు. వాళ్ళకి చెప్పే సంగతి అనిపించలేదు. వాళ్ళూ అడగలేదు. అత్త బయస్కోపు ఎందుకు మానేసిందని కూడా మా ఆయన అడగలేదు. గొడ్లకి విశ్రాంతి దొరికిందనుకున్నాడు.

మూడేళ్ళకి ఆడపిల్ల పుట్టింది. అత్త ఇంటి పనంతా తన మీద వేసుకుంది. నాకు కాయం నూరింది, సాంబ్రాణి వేసింది, బాలింత పథ్యం వండింది. కాని పిల్లని ముట్టుకోలేదు. మాలో పసిపిల్లకి నీళ్ళు పోయడం నాన్నమ్మ పని. కాళ్ళు చాపుకుని, కాళ్ళ మీద పడుకోబెట్టుకుని, నూనె రాసి, ముక్కు తీర్చి పోస్తారు. అత్త నీళ్ళు కాచి పెట్టి, పక్కింటావిడని పిలుచుకొచ్చింది. ఒక్క రోజు కాదు, ఐదు నెలలూ. ఊళ్ళో పెళ్ళిళ్ళకి వెళ్ళినా అక్షింతలు వేసేది కాదు, జనంలో వెనక నిలబడిపోయేది. పిల్ల పాకడం నేర్చి ఆవిడ కాళ్ళ దగ్గరికి వెళితే రెండు చేతులూ పైటలో దాచుకుని "ఎల్లమ్మా, మీ అమ్మ కాడికెల్లు" అనేది. గొంతు మాత్రం ముద్దుగానే ఉండేది. పిల్లకి మాటలొచ్చాక ఒకనాడు నన్ను అడిగింది.

"అమ్మా, నాన్నమ్మకి సేతులు నొప్పా?"

"ఔను" అన్నాను.

అలా ఒకే ఇంట్లో, ఒకే చూరు కింద, నాన్నమ్మకి మనవరాలు లేకుండా పోయింది. ఒక్క మాట అంటే ఆవిడ ఆ పిల్లని ఎత్తుకునేదేమో. ఆ మాట నా నోట్లోనే ఉంది. నేను అనలేదు. నాకు జాలి కూడా కలగలేదు. చూస్తూ ఉండేదాన్ని, అంతే.

పిల్లకి నాలుగో ఏడు నడుస్తుండగా చేపలావిడ మళ్ళీ కబురు తెచ్చింది. టెక్కలిలో డేరా వేశారట. ఆ కృష్ణుడి బొమ్మే మళ్ళీ వచ్చిందట. పైగా అక్కడ ఆడవాళ్ళని కూడా ముందువైపే కూర్చోబెడుతున్నారట, మధ్యలో తాడు కట్టి దుప్పట్లు వేలాడదీసి. "ఏడేళ్ళయింది వదినా. నాకు ఆ పూట నుంచి నిద్రలో ఆ సెయ్యి కనబడతంది. ఒక్కసారి ఎల్లి సూద్దాం. ఎదరనుంచి సూద్దాం" అంది. నాకు వెళ్ళాలనీ లేదు, మానాలనీ లేదు. టెక్కలిలో మా పిన్ని ఇల్లుంది. పిల్లని మా ఆయనకి అప్పగించి బయల్దేరాను.

పలాసలో పెద్ద రైలుబండి ఎక్కి నౌపడలో దిగాం. అక్కడినుంచి టెక్కలికి చిన్న రైలుబండి. ఉప్పుమళ్ళ పక్కనుంచి అది ఎంత నెమ్మదిగా వెళుతుందంటే, చేపలావిడ మధ్యలో దిగి, ఎవరి చేలోనో రెండు దోసకాయలు కోసుకుని, మళ్ళీ ఎక్కింది. గార్డు తిట్టాడు. అది అతనికీ ఒక కాయ ఇచ్చింది. అంత చేసినా నాకు నవ్వు రాలేదు.

డేరాలో ముందువైపు కూర్చోవడం అదే మొదలు. తెర అంత దూరంగా ఉంటే నాకు ఇల్లు మారినట్టు తోచింది. ఆట మొదలైంది. ఎవరో భోజనానికి కూర్చున్నారు. చేపలావిడ నా తొడ మీద కొట్టింది.

"ఓలమ్మ! కుడి సేత్తో తింటన్నారు! ఈ ఏడేళ్ళలో బొంబాయోళ్ళు ఆసారం మార్సుకున్నారేటి?"

రాణి వచ్చింది. ఎడమ పైట. ఇదే బొమ్మలో, ఇదే రాణికి అప్పుడు కుడి పైట చూశాను. మనుషులు ఆచారం మార్చుకోవచ్చు గాని, ఒకసారి తీసిన బొమ్మలో పైట ఎలా మారుతుంది? లేచాను. దుప్పటి పక్కనుంచి, గుంజల మధ్యనుంచి తెర చివరికి నడిచాను. కాపలావాడు "ఏయ్, ఎక్కడికీ!" అన్నాడు. వాణ్ణి ఒక చూపు చూశాను. ఊరుకున్నాడు. తెర వెనక ఎవరూ లేరు, ఖాళీ నేల. అక్కడ నిలబడి చూశాను. రాణికి కుడి పైట. మళ్ళీ ఇటు వచ్చాను. ఎడమ. గుంజ పట్టుకుని మెడ అటూ ఇటూ తిప్పుతూ నిలబడిపోయాను. కృష్ణుడు లేచి చెయ్యి ఎత్తేవరకూ అక్కడే ఉన్నాను. ముందునుంచి కుడి చెయ్యి. వెనకనుంచి ఎడమ.

చేపలావిడ నా వెనకే వచ్చింది. అదీ రెండు వైపులా చూసింది. చూసి నేల మీద కూలబడింది.

"నా నోరు పడిపోను! అది నానన్న మాటే కదా వదినా. నానే కదా అన్నాను" అంటూ నోటి మీద కొట్టుకుంది. దాని చేతులు పట్టుకున్నాను. "పద, రేపే ఎల్లి పెద్దమ్మకి సెప్పేద్దాం" అంది.

"నాను సెప్తాను. నివ్వు సెప్పకు" అన్నాను. పిల్ల మీద ఒట్టు వేయించుకున్నాను.

ఇంటికి వచ్చాక మా ఆయన్ని అడిగాను, ఆ కృష్ణుడి బొమ్మలో దేవుడు ఏ చెయ్యి ఎత్తాడని. ఆయన నవ్వాడు. "ఏ సెయ్యేటే? కుడి సెయ్యే. దేవుడు ఎడం సెయ్యి ఎత్తుతాడేటి పిచ్చిదానా?" అని తువ్వాలు దులుపుకుని తోటకి వెళ్ళిపోయాడు. ఏడేళ్ళ కిందట ఆ రోజు బండిలో అడిగినా ఇదే మాట చెప్పి ఉండేవాడు. నాకు ఆయన మీద అంత కోపం ఎప్పుడూ రాలేదు. ఆయన చేసిన తప్పేమీ లేదు. అయినా వచ్చింది.

అత్తకి మాత్రం చెప్పలేదు. పదిరోజులు చెప్పలేదు. చేపలావిడ వచ్చి గంప దించి నా వంక చూసేది. నేను తల అడ్డంగా ఊపేదాన్ని. అది చేపలు గీరి, మాట్లాడకుండా వెళ్ళిపోయేది. దాని నోరు మూయించిన మనిషిని లోకంలో నేనొక్కదాన్నే. ఎందుకు దాచానంటే భయం. ఆవిడ చేతుల మీదినుంచి ఆ తప్పు తీసేస్తే అది గాలిలో ఉండదు కదా, ఎక్కడో వాలాలి. వాలితే నా మీదే వాలుతుంది. నాకప్పుడు అలాగే అనిపించింది.

పదకొండో నాడు పొద్దున్న పిల్ల పెరట్లో కొబ్బరిమట్ట తట్టుకుని పడింది. మోకాలు చీరుకుపోయింది. దగ్గరలో ఉన్నది అత్తే. పిల్ల "నాన్నమ్మా!" అని ఏడుస్తూ రెండు చేతులూ చాచింది. నేను వంటింటి గుమ్మంలోంచి చూస్తున్నాను. అత్త రెండడుగులు ముందుకేసి ఆగిపోయింది. రెండు చేతులూ పైటలోకి పోయాయి. "ఒలే, బేగి రాయే, పిల్ల పడిపోనాది, రక్తం వత్తందే" అని నన్ను పిలుస్తోంది. పిల్ల నేల మీద ఆవిడ కాళ్ళ దగ్గరే ఉంది.

నా ఒళ్ళు మండిపోయింది. ఆవిడ మీదో నా మీదో తెలియదు.

"ఎత్తుకో అత్తా!" అని అరిచాను. "కుడి సెయ్యే! అది కుడి సెయ్యే! మనం ఎనకనుంచి సూసేం కాబట్టి ఎడం అయింది. నాను టెక్కల్లో రెండేపులా నిలబడి సూసొచ్చేను. మీ అబ్బాయిని అడుగు. ఊళ్ళో ఏ మగోణ్ణయినా అడుగు. దేవుడు కుడి సెయ్యే ఎత్తాడు. నీ సేతులు మంచియే. ఎత్తుకో!"

అత్తకి వెంటనే అర్థం కాలేదు. నా పైటచెంగు పట్టుకుని, గుమ్మంలో వెలుతురికి అడ్డం పెట్టి, దాని మీది పువ్వు ఇటునుంచి ఎటు తిరిగి ఉందో, అటునుంచి ఎటు తిరిగి ఉందో చూపించాను. ఆవిడ రెండు వైపులా చూసింది. మళ్ళీ చూసింది. "మరయితే ఆ రానీది కూడా ఎడం పైటేనా?" అంది. ఔనన్నాను. తల ఊపింది. వంగి, పిల్లని ఎత్తుకుంది. నాలుగేళ్ళ పిల్ల, బరువే. అరుగు మీద కూర్చుని ఒళ్ళో పెట్టుకుని, తన చెంగుతో మోకాలు తుడిచింది. రక్తం ఆగిపోయాక కూడా తుడుస్తూనే ఉంది. పిల్ల ఏడుపు మానేసి ఆవిడ చేతుల్ని చూస్తోంది.

నేను ఎదురుచూస్తున్నాను. గిన్నెలు ఎత్తి పడేసింది నువ్వు కదా అని ఆవిడ అంటుందని. అన్నా బాగుండేది.

"అయితే మనం అన్నీ సరిగ్గానే సేసేం" అంది అత్త. "దేవుడు కూడా సరిగ్గానే ఎత్తాడు. అయినా గుంటడు పోనాడు. ఎందుకు పోనాడే?"

ఆవిడ నా మొహంలోకి చూస్తూనే ఉంది, నేను టెక్కలి నుంచి దానికి జవాబు కూడా తెచ్చి ఇంకా చెప్పకుండా దాచానేమో అన్నట్టు. తెలీదత్తా అన్నాను. ఆ మాట అంటుండగా ఏడుపొచ్చింది. ఏడేళ్ళ తరవాత వచ్చింది. అత్తకి రాలేదు. పిల్లని భుజాన వేసుకుని తోట వైపు వెళ్ళిపోయింది.

ఆ రోజు నుంచి పిల్ల ఆవిడ చంక దిగలేదు. నీళ్ళు పోసింది, తల దువ్వింది, పక్కలో పడుకోబెట్టుకుంది. సాయంత్రం దేవుడి గదిలో తను రోజూ పెట్టే దీపం మాత్రం నన్ను పెట్టుకోమంది. తను ఇక ఆ గదిలోకి రాలేదు.